అమెరికాకు పోయే అమ్మలకు మన ఊళ్ళోనే న్యాయ సలహా కావాలి

రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థ అధ్యక్షులు, గౌరవ ప్రధాన జిల్లా న్యాయమూర్తి గారికి,



ఇబ్రహీంపట్నం కోర్టు ఆవరణలో నెలకు ఒక రోజు, పిల్లలు అమెరికా గ్రీన్ కార్డుకు పెట్టిన తల్లిదండ్రుల కోసం ఉచిత న్యాయ సలహా ఏర్పాటు చేయండని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. వినతిపత్రం ఇచ్చి ఊరుకోకుండా బహిరంగంగా రాయడానికి కారణముంది. ఇందులో సగం మాటలు మీకు చెప్పుకోవలసినవి. మిగతా సగం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలూ, ఇక్కడ వాళ్ళ ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులూ వినవలసినవి.

నేను ఈ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాయితం చదివి చెప్పమని, ఫారం నింపమని జనం ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. పాసుపుస్తకాలు, పింఛన్లు, బ్యాంకు గొడవలు ఎప్పుడూ ఉండేవే. కొన్నేళ్ళుగా వాటితోపాటు అమెరికా కాయితాలూ వస్తున్నాయి. సాగర్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగు కాలేజీలు వెలిసిన ప్రాంతం మనది. మంచాల, యాచారం పల్లెల నుంచి కూడా పిల్లలు చదువుకుని ఎమ్మెస్‌కు పోయారు. ముందు పోయినవాళ్ళలో పౌరసత్వం వచ్చినవాళ్ళున్నారు. వచ్చిన వెంటనే వాళ్ళకు తట్టే మొదటి ఆలోచన అమ్మానాన్నల్ని తెచ్చుకోవడం. మంచి ఆలోచనే. చట్టమూ దానికి అనుకూలంగానే ఉంది. 21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరుడు తల్లికీ తండ్రికీ దరఖాస్తు పెట్టవచ్చు. 1965 నాటి అమెరికా వలస చట్టం అలాంటి తల్లిదండ్రుల్ని దేశాల వారీ కోటా నుంచి బయట పెట్టింది. కాబట్టి ఉద్యోగాల మీద గ్రీన్ కార్డు కోసం మన పిల్లలు ఏళ్ళ తరబడి నిలబడే వరుస తల్లిదండ్రులకు లేదు. అయితే గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న కొడుకు పెట్టలేడు, పౌరసత్వం ఉండాలి. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి విడివిడిగా పెట్టాలి. ఇంట్లో పెళ్ళికాని చిన్న చెల్లెలు ఉంటే ఆమె వీళ్ళ వెంట ఆ దరఖాస్తు మీద రాలేదు. ఈ చివరి సంగతి తెలియక, కూతుర్నీ తీసుకుపోవచ్చన్న ఆశతో కూర్చున్న ఇళ్ళు నేను చూశాను.

పద్ధతి కష్టమేమీ కాదు. కొడుకో కూతురో అమెరికాలో ఐ-130 అనే బంధుత్వ దరఖాస్తు దాఖలు చేస్తారు. అది మంజూరయ్యాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు పోతుంది. అక్కడ డీఎస్-260 దరఖాస్తు, పోషణ బాధ్యత తీసుకుంటున్నానని పిల్లలు సంతకం పెట్టే ఐ-864, మన పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీసు క్లియరెన్సు, మిగతా పత్రాలు సమర్పించాలి. తర్వాత వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ. సందర్శక వీసాలకు పోయినట్టు నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటుకు పోతే సరిపోదు, ఈ ఇంటర్వ్యూకు మనవాళ్ళు సాధారణంగా ముంబయి వెళ్తారు. ఫీజులు చూస్తే, 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం ఐ-130 ఆన్‌లైన్లో పెడితే 625 డాలర్లు, కాగితం మీద పెడితే 675. వీసా దరఖాస్తుకు 325, ఐ-864 పరిశీలనకు 120, వీసా వచ్చాక కార్డు కోసం 235. ఒక్కొక్కరికి దాదాపు 1,300 డాలర్లు. వైద్య పరీక్ష, ప్రయాణం వేరు. ఫారాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఫారం పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే అక్కడే లేచి రావాలి.

ఇంత తేలిగ్గా కనిపించే పని ఎక్కడ ఆగుతుందంటే, మన ఊళ్ళోనే.

ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. డెబ్బయ్యేళ్ళకు దగ్గరపడిన మనిషి. బడి మొహం చూడలేదు. ప్లాస్టిక్ సంచీలో పెట్టి తెచ్చిన కాయితాలు మా వరండాలో ఒక్కొక్కటే పరిచింది. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. ఓటరు కార్డు ప్రకారం మూడేళ్ళు చిన్నది. పాసుపుస్తకంలో పేరు చివర 'అమ్మ' లేదు. ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. కొడుకు పదో తరగతి మెమో తీసి చూస్తే అందులో తండ్రి పేరుంది, తల్లి పేరు లేదు. కొడుకు ఇంట్లోనే పుట్టాడు, మంత్రసాని చేతుల మీద. పంచాయతీలో నమోదు కాలేదు. "సారూ, వాణ్ణి నేనే కన్ననని ఏ కాయితం చెప్తది?" అని అడిగింది.

చట్టం అడిగేదీ అదే. తల్లికి పెట్టే దరఖాస్తులో ప్రధానమైన రుజువు తల్లి పుట్టుక సర్టిఫికెట్ కాదు, తల్లి పేరు ఉన్న కొడుకు పుట్టుక సర్టిఫికెట్. తండ్రికైతే దానితోపాటు తల్లిదండ్రుల పెళ్ళి సర్టిఫికెట్ కూడా కావాలి. అవి లేనప్పుడు నమోదు కాలేదని అధికారులిచ్చే పత్రం, దానికి తోడు బడి రికార్డులు, ఆ పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు పెట్టాలి. అవీ చాలకపోతే డీఎన్‌ఏ పరీక్ష సూచిస్తారు. ఆ పెద్దమ్మ విషయంలో మా పని బడి అడ్మిషన్ రిజిస్టరుతో మొదలైంది. చెదలు తిన్న అట్ట, వెలిసిపోయిన సిరా. అందులో పిల్లవాణ్ణి బడిలో వేసినప్పుడు ఎవరో ఓపికగల ఉపాధ్యాయుడు సంరక్షకుల గడిలో తండ్రి పేరు పక్కన తల్లి పేరు కూడా రాసి ఉంచాడు. తర్వాత ఆమె అన్నను వెతికి తెచ్చాం. కోర్టు ముందరి నోటరీ దగ్గర, టైపు చేసిన కాయితంలో ఏముందో ఆయనకు తెలుగులో చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర వేయించాం. చదివి వినిపించడమన్నది మామూలుగా జరగదు. ఇంగ్లీషులో టైపు చేసిన దాని మీద వేలు పెట్టిస్తారు, ఆ తర్వాత ఇంటర్వ్యూలో అధికారి అడిగితే తల్లి వేరే మాట చెబుతుంది. అబద్ధమాడినట్టు రాసుకుంటారు.

ఇక తల్లిదండ్రుల సొంత పుట్టుక రుజువు సంగతికొస్తే, 1970 ఏప్రిల్ 1కి ముందు మన దేశంలో పుట్టినవాళ్ళ విషయంలో అమెరికా విదేశాంగ శాఖ బడి సర్టిఫికెట్టునో, వయసులో పెద్దవాళ్ళైన దగ్గరి బంధువుల అఫిడవిట్టునో ఒప్పుకుంటుంది. జనన మరణాల నమోదు చట్టం అమల్లోకి వచ్చింది ఆ తేదీ నుంచే కాబట్టి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతోమంది ముసలివాళ్ళు తమ పుట్టుక ఇప్పుడు నమోదు చేయించుకోవడానికి మీసేవ నుంచి ఆర్డీఓ ఆఫీసుకు, అక్కడి నుంచి మళ్ళీ పంచాయతీకి తిరుగుతున్నారు. మధ్యవర్తికి డబ్బులిస్తున్నారు. అరవై డెబ్బయ్యేళ్ళ తర్వాత నిన్న మొన్న పుట్టించిన సర్టిఫికెట్టు చూసి అవతలి అధికారికి లేని అనుమానం కూడా వస్తుంది. ఈ తిరుగుడంతా ఒక్క మాటతో ఆగేది. ఆ మాట చెప్పే మనిషి ఇక్కడ లేడు.

ఇక లాయరు సంగతి. పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే: అమెరికాలో లాయర్ని పెట్టాలా, మనమే నింపుకోవచ్చా? నా అభిప్రాయం దాచను. పుట్టుక సర్టిఫికెట్ సరిగా ఉండి, పేర్లు కలిసి, పిల్లల ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం దాటి, తల్లిదండ్రుల మీద పాత వీసా మచ్చలేవీ లేకపోతే, ఇంగ్లీషు చదవగలిగిన మనిషి సూచనలు నెమ్మదిగా చదువుకుని తనే దాఖలు చేసుకోవచ్చు. ఇంగ్లీషు అనువాదానికి కూడా ప్రత్యేకమైన ముద్ర అక్కర్లేదు. రెండు భాషలూ వచ్చినవారు, అనువాదం పూర్తిగా సరైనదని, తమకు ఆ సామర్థ్యముందని సంతకం చేసి ఇస్తే చాలు.

కొన్ని ఇళ్ళల్లో మాత్రం లాయరు లేకుండా అడుగు వేయకూడదు. తల్లి లోగడ సందర్శక వీసా మీద వెళ్ళి గడువు దాటి ఉండిపోయి ఉంటే. ఎప్పుడో వీసా దరఖాస్తులో తప్పు వివరం రాశారని తిరస్కరించి ఉంటే. పోలీసు కేసు ఉంటే, కొట్టివేసిందైనా సరే. కన్నతల్లి పోయాక పెంచిన సవతి తల్లికి పెట్టాలంటే, తండ్రితో ఆమె పెళ్ళి, కొడుక్కి 18 ఏళ్ళు నిండకముందే జరిగి ఉండాలి. అన్నిటికన్నా మన ఇళ్ళల్లో ఎక్కువ కనిపించే చిక్కు దత్తత. పిల్లల్లేని పెదనాన్నకో చిన్నమ్మకో కొడుకును దత్తు ఇవ్వడం మనకు కొత్త కాదు. దత్తత కాయితం రాయించి రిజిస్టర్ చేసిన ఇళ్ళల్లో, ఆ కొడుకు రేపు కన్నతల్లికి పెట్టగలడా, పెంచిన తల్లికి పెట్టగలడా అన్నది అమెరికా చట్టంలో చాలా సున్నితమైన విషయం. 16 ఏళ్ళ లోపు దత్తత జరగాలి, రెండేళ్ళు కలిసి ఉండాలి, రెండేళ్ళు చట్టబద్ధమైన సంరక్షణ ఉండాలి. దత్తత చెల్లితే కన్నవాళ్ళ దారి మూసుకుపోవచ్చు. వాట్సాప్‌లో స్నేహితుణ్ణి అడిగి ఇలాంటి కేసు పెట్టుకోవద్దు. అలాగే టూరిస్టు వీసా మీద రప్పించి అక్కడే గ్రీన్ కార్డుకు పెడదామన్న ఆలోచన. ఆ దరఖాస్తు ఫీజే 1,440 డాలర్లు. వచ్చేటప్పుడే ఆ ఉద్దేశంతో వచ్చారని తేలితే మోసం కింద చూస్తారు. దరఖాస్తు తేలేలోపు, ముందస్తు అనుమతి లేకుండా ఇంటికి వస్తే దాన్ని వదులుకున్నట్టే. ఇక్కడ అన్న చనిపోతే ఆఖరి చూపుకు రాలేరు.

కన్సల్టెన్సీ మాత్రం ఏ కేసులోనూ వద్దు. అమెరికా ఇమిగ్రేషన్ విషయంలో డబ్బు తీసుకుని న్యాయ సలహా చెప్పే హక్కు అక్కడి ఏదో ఒక రాష్ట్రపు బార్‌లో ఉన్న న్యాయవాదికి ఉంటుంది. అక్కడి న్యాయశాఖ గుర్తించిన సేవా సంస్థల ప్రతినిధులకూ ఉంటుంది. వాళ్ళు మీ తరఫున నిలబడితే జీ-28 అనే ఫారం దాఖలు చేస్తారు, తమ పేరు రాసి సంతకం పెడతారు. ఆ న్యాయవాది పేరు రాష్ట్రపు బార్ వెబ్‌సైటులో వెతికితే దొరుకుతుంది. నగరంలో పెద్ద బోర్డు పెట్టుకుని గ్రీన్ కార్డు గ్యారంటీ అని చెప్పేవాడు జీ-28 వేయలేడు, ఫారం మీద సంతకం కూడా పెట్టడు. తప్పు జరిగితే ఆ ఫారం మీద ఉండేది అమ్మ సంతకమే.

ఇంతవరకూ చెప్పింది కాయితాల గురించి. నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. ఈ దరఖాస్తులన్నీ తల్లిదండ్రుల పేరు మీద నడుస్తాయి, కానీ వాళ్ళను కూర్చోబెట్టి తెలుగులో చెప్పేవాళ్ళు లేరు. గ్రీన్ కార్డు తీసుకుంటే అక్కడ నివాసముండాలి. ఆరు నెలలు దాటి ఇక్కడ ఉంటే తిరిగి పోయేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే ఆ కార్డు మీద ప్రవేశం దొరకదు, రీఎంట్రీ పర్మిట్ ముందుగా అక్కడ ఉండగానే పెట్టుకోవాలి. వానాకాలం నాట్లకు ఇక్కడ, మనవడి పుట్టినరోజుకు అక్కడ ఉంటామనుకునే రైతు దంపతులకు ఇది ఎవరు చెప్పారు? చలికాలం ఇండియాలో గడిపి వచ్చిన వృద్ధ గ్రీన్ కార్డుదారుల చేత విమానాశ్రయంలో కార్డు వదులుకుంటున్నట్టు ఐ-407 ఫారం మీద సంతకం పెట్టించే ప్రయత్నం జరుగుతోందని 2025 మార్చిలో అక్కడి న్యాయవాదులు చెప్పిన మాట పత్రికల్లో వచ్చింది. ఆ సంతకం పెట్టనక్కర్లేదు, ఇమిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరవచ్చు. ఈ ఒక్క వాక్యం తెలుగులో రాసి పాస్‌పోర్టులో పెట్టుకుపోవలసినంత విలువైనది.

వైద్యం సంగతి కూడా పిల్లలు మొదట్లో చెప్పరు. అరవై అయిదు దాటిన తల్లి కార్డు పట్టుకుని దిగగానే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ రాదు. అక్కడ పనిచేసిన చరిత్ర లేనివాళ్ళు అయిదేళ్ళు వరసగా ఉంటే తప్ప దాన్ని ప్రీమియం కట్టి కూడా కొనుక్కోలేరు. అప్పటిదాకా ప్రైవేటు బీమా. మోకాళ్ళ నొప్పికి ఇబ్రహీంపట్నంలో ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి పోయే స్వేచ్ఛ అక్కడ ఉండదు, కొడుకు సెలవు పెట్టాలి. ఏడాదికి ఆరు నెలలు పోయి వచ్చే ఉద్దేశమే ఉంటే చాలామందికి సందర్శక వీసాయే మేలు. వేరే దేశాలు దీన్ని ఇంకో రకంగా చూశాయి. కెనడాలో తల్లిదండ్రుల శాశ్వత నివాసానికి ఆహ్వానం రావాలంటే అదృష్టం ఉండాలి, అయితే ఒకసారి వస్తే అయిదేళ్ళు ఉండగలిగే సూపర్ వీసా అక్కడ ఉంది. ఆస్ట్రేలియాలో లక్షలు కట్టాలి, లేదంటే దశాబ్దాలు ఆగాలి. అమెరికా దారి తెరిచి ఉంది కదా అని ప్రతి తల్లీ ఆ దారిన పోవలసిన పని లేదు.

భూమి మాట ఎత్తకుండా మన ప్రాంతంలో ఏ కుటుంబ నిర్ణయమూ పూర్తి కాదు. ఆదిభట్ల, కొంగరకలాన్, బొంగుళూరు గేటు దగ్గర ఎకరం ఉన్నవాడి ఆస్తి ఇప్పుడెంతో మీకు తెలుసు. గ్రీన్ కార్డు పుచ్చుకున్న మనిషి ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అమెరికాకు చెప్పాలి, పన్ను లెక్క కట్టాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నిటిలో కలిపి ఉన్న మొత్తం, ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరమూ ఇవ్వాలి. పల్లెలో వ్యవసాయ భూమి అమ్మితే మన దగ్గర పన్ను పడకపోవచ్చు, అక్కడ పడవచ్చు. కాబట్టి భూమి ముందమ్మాలా, తర్వాతా, అసలు అమ్మాలా అన్నది విమానం ఎక్కకముందు తేల్చుకోవలసిన విషయం. ఇంకో సంగతి చెప్పడానికి మనసు రాదు, అయినా చెప్పాలి. అమెరికా పోతున్నారు కదా అని ముందే గిఫ్ట్ డీడ్ రాయించుకోవడం కూడా జరుగుతోంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 సెక్షన్ 23 ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి, చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఆ షరతు కాయితంలో స్పష్టంగా రాసి ఉంటేనే పని సులువు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటరు ఆ షరతు రాయమని తనంతట చెప్పడు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఎవరికివ్వాలి, ఎంతవరకివ్వాలి అన్నదీ అంతే.

పిల్లలు పెట్టుకున్న అమెరికా లాయరు పిల్లల తరఫు మనిషి. ఆయనకు మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెలియదు. ఇక్కడి లాయరుకు ఐ-864 తెలియదు. ఈ రెంటి మధ్య తల్లి ఒంటరిగా ఉంది. ఆమె పక్కన కూర్చునే మనిషిని ఇవ్వగలిగింది మీ సంస్థే.

చట్టం మీకు ఆ అధికారమిచ్చింది. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లో న్యాయసేవ అంటే కోర్టులో వకాలతు ఒక్కటే కాదు, న్యాయ విషయాల మీద సలహా కూడా అందులో ఉంది. సెక్షన్ 12 స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత సేవ ఇస్తుంది. అంటే కొడుకు అమెరికాలో ఎంత సంపాదిస్తున్నా, ఇక్కడున్న తల్లి తన పేరు మీద వచ్చి సలహా అడగవచ్చు. వృద్ధుల కోసం జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2016లో ప్రత్యేక పథకమే తెచ్చింది. పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఫోను నంబరు ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు.

కావలసింది నెలకు ఒక రోజు, ఒక ప్యానెల్ న్యాయవాది, ఇద్దరు వాలంటీర్లు. అమెరికా కేసు వాళ్ళు వాదించనక్కర్లేదు, వాదించకూడదు కూడా. ఫారం నింపి పెట్టడం కూడా వాళ్ళ పని కాదు. అఫిడవిట్టులో ఏముందో తెలుగులో చదివి చెప్పి వేలిముద్ర వేయించడం, ఏ కాయితం అవసరమో ఏది అనవసరమో చెప్పడం, గిఫ్ట్ డీడ్‌లో షరతు ఉందో లేదో చూడడం, కేసులో దత్తతో పాత వీసా తిరస్కరణో ఉంటే అమెరికా న్యాయవాది దగ్గరికి పొమ్మని గట్టిగా చెప్పడం. వీటన్నిటి కన్నా ముందు, కొడుకు ఫోనులో లేని సమయంలో, తల్లిని ఒక్క ప్రశ్న అడగడం: అమ్మా, నీకు పోవాలని ఉందా? ఉంటే ధైర్యంగా పంపుదాం. లేదంటే, లేదని కొడుక్కి చెప్పే బలం ఆమెకివ్వాలి.

అమెరికాలో ఉన్న బిడ్డలకూ ఒక మాట. దరఖాస్తు పెట్టేముందు ఒకసారి ఊరికి రండి. అమ్మ కాయితాల సంచీ ముందేసుకుని పక్కన కూర్చోండి. మీ పుట్టుక సర్టిఫికెట్టులో అమ్మ పేరు ఉందో లేదో మొదట చూడండి. లేకపోతే పెద్ద మేనమామ బతికుండగానే అఫిడవిట్టు తీసుకోండి. లాయరు ఫీజు మిగులుతుందని చిక్కు కేసు మీరే పెట్టుకోవద్దు, సులువైన కేసుకు భయపడి మధ్యవర్తికి డబ్బు పోయవద్దు.

న్యాయమూర్తి గారూ, వచ్చే జాతీయ లోక్ అదాలత్ రోజున ఇబ్రహీంపట్నం కోర్టుకు వచ్చే వృద్ధులందరి చేతికీ ఒక తెలుగు కరపత్రం అందించి, సలహా రోజు ఎప్పుడో అందులో ప్రకటించండి. ఆ కరపత్రం రాసి ఇవ్వడానికి, మొదటి రోజు నుంచి వాలంటీరుగా కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా.